కాటా మీద తాబేలు

కృష్ణా జిల్లాను విడదీసి మా వైపు కొత్త జిల్లా చేసిన ఏడాది మే నెలలో నేను నందిగామలో పశుసంవర్ధక శాఖ అసిస్టెంట్ డైరెక్టరుగా ఉన్నాను. మా శాఖలో కింద వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్, ఆ పైన అసిస్టెంట్ డైరెక్టర్, ఇంకా పైన డిప్యూటీ డైరెక్టర్, జాయింట్ డైరెక్టర్. ఈ మెట్లన్నీ మాకే గానీ జనానికి లేవు. వాళ్ళకు మేమంతా పశువుల డాక్టర్లం, నేను పశువుల డాక్టరమ్మను. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది కూడా లేదు. పెన్షన్ కాగితాలు సర్దుకుంటూ ఫ్యాను కింద కూర్చోవలసిన రోజుల్లో ఒక తాబేలు నన్ను జాతీయ రహదారి మీద పరుగులు పెట్టించింది. ఇప్పటికీ ఆ సంగతి చెప్పమంటే కుర్చీలో కుదురుగా కూర్చుని చెప్పలేను.

ఆసుపత్రి వెనక గదిలో మాకో చిన్న ల్యాబు ఉండేది. టెక్నీషియన్ పోస్టు ఖాళీ, అందుకని పేడ పరీక్షలు నేనే చేసేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ పోస్టులోకి ఎవరూ రాకపోతే బాగుండునని లోపల్లోపల కోరుకునేదాన్ని కూడా. పేడ పరీక్ష అనగానే ముక్కు మూసుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నోరులేని జీవి మనతో చెప్పుకోలేని సంగతులు అందులో ఉంటాయి. ఏం తింది, ఏం అరిగింది, ఏం అరగలేదు, లోపల ఎవరు కాపురం పెట్టారు, అన్నీ. మా వ్యాను డ్రైవరు మస్తాన్ వలీ మాత్రం, "మేడం గారికి బిర్యానీ పొట్లం తెచ్చిచ్చినా ముందు స్లైడు మీద పెట్టి చూస్తారండి" అని ఆసుపత్రంతా చెప్పుకుంటూ తిరిగేవాడు.

ఒకరోజు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని, నుదుట కుంకుమబొట్టు పెట్టుకున్న ఒక పెద్దమనిషి మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు. ఎవరింట్లోనో శుభకార్యం అనుకుని మస్తాన్ చెయ్యి చాచాడు. "మీక్కాదండి, డాక్టరమ్మ గారికి" అంటూ ఆయన పెట్టె వెనక్కి లాక్కున్నాడు. పేరు నరసింహం, జగ్గయ్యపేట బజారులో పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉందని చెప్పాడు. పెట్టె తెరిస్తే అడుగున అరిటాకు ముక్క, దాని మీద ఎండిపోయిన పెంటికలు. పెట్టెకు నెయ్యి వాసన ఇంకా వదల్లేదు. మస్తాన్ చాచిన చెయ్యి చొక్కాకు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఏ జీవిదని అడిగాను. కుందేలుదని, అదీ తెలిసినవాళ్ళదని అన్నాడు.

మా పనిలో మైక్రోస్కోపు రెండోది, కంటి చూపు మొదటిది. రంగు, గట్టిదనం, పీచు, వాసన చూడాలి. చేతికి తొడుగు వేసుకుని పుల్లతో చీల్చి చూశాను. కుందేలు పెంటికలు గుండ్రంగా, విడివిడిగా ఉంటాయి. ఇవి చిటికెన వేలంత పొడవున్నాయి. ఒక దానికి అంచున సున్నంలాంటి తెల్లటి ముద్ద అంటుకుని ఉంది. మనలాంటి పాలిచ్చే జీవులు మూత్రాన్ని నీళ్ళగా వదులుతాయి. పక్షులు, బల్లులు, మెట్టతాబేళ్ళు ఒంట్లో నీరు వృథా పోకుండా దాన్ని తెల్లటి ముద్దగా చేసి వదులుతాయి. యూరేట్లు అంటాం. వేళ్ళ మధ్య నలిపితే ఆ ముద్ద ఇసకలాగా గరగరలాడింది. వెన్నలా మెత్తగా ఉండాల్సింది గరుకుగా ఎందుకుందో అనుకుని ఆ సంగతి మనసులో ఒక పక్కన పెట్టుకున్నాను.

"నరసింహం గారూ, మీ తెలిసినవాళ్ళ కుందేలుకు వీపు మీద చిప్ప ఉందాండీ?" అని అడిగాను.

ఆయన మొహంలో రంగులు మారాయి. తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించి, "చెప్పేస్తానండి. తాబేలుదండి. మాదే. నక్షత్రాల తాబేలు" అన్నాడు.

నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి తెలిసే ఈయన కుందేలు కథ అల్లుకొచ్చాడు. నాకు చర్రుమని కోపం వచ్చింది. సర్కారు కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గరికి వచ్చి ఇలా అబద్ధమాడతారా అని బాగానే దులిపేశాను. ఆయన అన్నీ పడ్డాడు. చివరికి చేతులు జోడించి, "ఇంకా తిట్టండి, పడతా. ముందు దానికేమైందో చూడండమ్మా. రోజురోజుకీ తరిగిపోతోంది" అన్నాడు. చిప్పలో దాక్కునే జీవి రోజురోజుకీ తరుగుతోందని నీకెలా తెలుసయ్యా అని అడిగాను. దానికాయన చెప్పిన జవాబు విన్నాక కోపం ఎటు పోయిందో తెలీదు.

వాళ్ళ నాన్న కొట్టు పెట్టిన కొత్తలో, గుట్టల వైపు ఊళ్ళ నుంచి కందులు తెచ్చిన బండిలో బస్తాల సందున ఈ తాబేలు దొరికిందట. సాక్షాత్తూ విష్ణుమూర్తి అవతారం నడిచొచ్చిందని ఉంచుకున్నారు. కూర్మయ్య అని పేరు పెట్టారు. ఆ పెద్దాయన దానికో ఉద్యోగం కూడా ఇచ్చాడు. రోజూ కొట్టు తెరిచి దీపం పెట్టాక, బోణీకి ముందు, తాబేలును కాటా మీద పెట్టి తూచేవాడు. పెరగడం అయిపోయిన తాబేలు బరువు రోజూ ఒకలాగే ఉంటుంది. నిన్నటి తూకమే ఇవాళా వచ్చిందంటే కాటా నిజం చెబుతోందని లెక్క. అప్పుడే బేరం మొదలు. ఆయన పోయాక కొడుకూ అదే పద్ధతి పట్టుకున్నాడు. వత్సవాయి వైపు నుంచి పెసలు, మినుములు తెచ్చే రైతులు "కూర్మయ్య ఎక్కాడాండీ కాటా?" అని అడిగి మరీ బస్తా దించేవాళ్ళట. తూనికల శాఖ వాళ్ళు కొట్టే ముద్ర ఉన్నా, ఆ బజారులో కూర్మయ్య ఎక్కితేనే తూకానికి నమ్మకం.

అలాంటి కూర్మయ్య బరువు ఎండలు ముదిరినప్పటి నుంచి తగ్గుతూ వచ్చింది. ఇక్కడ వర్తకుడి బుర్ర అచ్చంగా వర్తకుడి బుర్రలాగే పనిచేసింది. కాటా చెడిపోయిందనుకున్నాడు! విజయవాడ నుంచి కాటాలు బాగుచేసే మనిషిని పిలిపించాడు. అతను ఇనప రాళ్ళు పెట్టి చూసి, కాటా శుభ్రంగా ఉందని చెప్పి వెళ్ళాడు. నమ్మకం కుదరక ఈయన కొత్త ఎలక్ట్రానిక్ కాటా కొన్నాడు. అందులో ఇంకాస్త తగ్గింది. దాన్ని కూడా వెనక్కి ఇచ్చేస్తానని కేకలేస్తుంటే భార్య వరలక్ష్మి గారు, "కాటాల మీద కాటాలు మారుస్తున్నారు గానీ దాని మొహం ఒక్కసారి చూశారా? కళ్ళు లోపలికి పోయాయి" అని కసిరిందట. అప్పుడు గానీ తగ్గింది తాబేలని ఈయనకు తట్టలేదు.

నేను పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. "మా నాన్న చేతి తూకమండి అది. నా చేతిలో పోకూడదు" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వు ఆపి గొట్టాలు కడిగాను.

పరీక్ష ఆయన ఎదుటే మొదలుపెట్టాను. తెచ్చిందాన్ని నలిపి, ఇంక ఉప్పు కరగదు అనేంత ఉప్పు కలిపిన నీళ్ళలో కలిపాను. వడగట్టి, చిన్న గాజు గొట్టంలో అంచు దాకా నింపి, పైన కవర్‌స్లిప్ అనే పల్చటి గాజు రేకు మూతలా పెట్టాను. చెత్త అడుక్కి దిగుతుంది. పురుగుల గుడ్లు తేలిక, అవి పైకి తేలి గాజుకు అంటుకుంటాయి. కాసేపు ఓపిక పట్టి ఆ రేకును స్లైడు మీదికి మార్చి చూడటమే. గొర్రెలకు, గేదెలకు సర్వీసంతా చేసిన పనే ఇది. కానీ తాబేలుది చూడటం నాకు అదే మొదటిసారి.

కన్ను పెట్టానో లేదో, "అబ్బ!" అన్నాను పైకే. ఎటు జరిపినా గుడ్లు! కోలగా, పల్చటి పెంకుతో, కుప్పలు కుప్పలుగా. నాకో అలవాటుంది. మంచి స్లైడు దొరికితే పక్కన ఎవరుంటే వాళ్ళకు చూపించకుండా ఉండలేను. నరసింహం గారిని కూర్చోబెట్టి చూడమన్నాను. ఆయన చూసి కుర్చీలోంచి లేచిపోయాడు. "అమ్మో, ఇన్ని పురుగులా! దీని కడుపంతా ఇదేనా!"

ఇవి గుడ్లే గానీ ఎవరి గుడ్లో ఇంకా తేలలేదని, కొలవాలని, పుస్తకం చూడాలని, సాయంత్రం ఫోన్ చేస్తానని, అందాకా ఏ మందూ వెయ్యొద్దని ఆయనకు విడమరిచి చెప్పాను. ఆయన అలాగేనండి అలాగేనండి అంటూ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక కంటి గొట్టంలో కొలత గీతలున్న గాజు బిళ్ళ వేసి గుడ్లు కొలిచాను. కొలత పొసగలేదు. తాబేలు పేగుల్లో ఉండే పురుగుల గుడ్లు ఇంత పెద్దవి కావు. పుస్తకంలోని బొమ్మ ఒకలా ఉంది, స్లైడు మీదిది ఇంకోలా ఉంది. పెద్ద లెన్సు తిప్పి ఒక గుడ్డు లోపలికి చూశాను. లోపల ముడుచుకుని ఏదో ఉంది. వెలుతురు సరిచేసి మళ్ళీ చూశాను. కాళ్ళు! పేగుల్లో పురుగుకు కాళ్ళెక్కడివి? స్లైడు మెల్లగా జరుపుతూ పోతే ఓ మూల దాని తల్లి కూడా దొరికింది. ఒంటి నిండా నూగు, ఎనిమిది కాళ్ళు. పిండి నల్లి! పాత పప్పుల్లో, తవుడులో తెల్లటి దుమ్ములా పాకుతుంటుంది చూడండి, అదే. వెధవ గుడ్లు తాబేలువే కావు. కొట్టులో ఎక్కడో నేల మీద ఎండిన పెంటికను ఊడ్చి తెచ్చి ఉంటాడు, దానికి పప్పుల దుమ్ము, దుమ్ములోని నల్లులు అంటుకొచ్చాయి. కుర్చీలోంచి లేచి ల్యాబులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడికి మస్తాన్ లోపలికి తొంగిచూశాడు.

వెంటనే నరసింహం గారికి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు.

"బేరం టైములో సేట్లు ఫోను గల్లాపెట్టెలో పడేస్తారు మేడం" అన్నాడు మస్తాన్. ఆ వెంటనే, "అయినా ఆయనకి ఇప్పుడు మనమెందుకండీ, ఇంజెక్షను మాట్లాడేసుకున్నాడుగా" అన్నాడు.

ఏ ఇంజెక్షనయ్యా అన్నాను. గేటు దగ్గర నరసింహం గారు ఫోనులో మాట్లాడుతుంటే ఇతను విన్నాడట. చిల్లకల్లులో పశువుల మందుల షాపు నడిపే బావమరిది రవికి చేసి, "పురుగులు తెగ ఉన్నాయిరా, గొర్రెలకేసే ఇంజెక్షను తీసుకుని పేటకొచ్చెయ్" అన్నాడట.

మా వైపు గొర్రెలకు పురుగుల ఇంజెక్షను అంటే ఐవర్‌మెక్టిన్. గొర్రెకు, గేదెకు అది దివ్యమైన మందు, నేనే వేలసార్లు వేసి ఉంటాను. తాబేలు ఒంట్లోకి వెళితే మాత్రం అది మెదడుకు ఎక్కుతుంది. కాళ్ళు, మెడ చచ్చుబడతాయి, ఆనక ఊపిరి ఆగుతుంది. విరుగుడు లేదు. కాలేజీలో మాకు తాబేళ్ళ గురించి పెద్దగా చెప్పలేదు గానీ ఈ ఒక్క మాట మాత్రం బల్ల గుద్ది చెప్పారు.

"మస్తాన్, వ్యాను తియ్!"

"మేడం, అన్నం క్యారేజీ విప్పానండి..."

"నీ క్యారేజీ దొంగలెత్తుకెళ్ళ, తియ్యవయ్యా ముందు!"

ఫీల్డు మైక్రోస్కోపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా వ్యాను పేరుకే సంచార వైద్యశాల, దాని ఉత్సాహం ఎప్పుడో ఆవిరైపోయింది. ఆ రోజు మాత్రం మస్తాన్ దాన్ని ఉరికించాడు. రోహిణి కార్తె ఎండ, కిటికీలోంచి కొట్టే గాలి కూడా పొయ్యి మీంచి వచ్చినట్టుంది. గరికపాడు చెక్‌పోస్టు వైపు పోయే సిమెంటు లారీలు వరసకట్టి దారి ఇవ్వలేదు. "పక్కకి తియ్యరా బాబూ, లోపల ఎమర్జెన్సీ!" అని మస్తాన్ అరుస్తుంటే, ఒక లారీ క్లీనరు నా మొహం చూసి కాన్పు కేసు కాదులే అన్నట్టు నవ్వాడు. దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతూనే ఉంది. చిల్లకల్లులో రవి షాపు ముందు ఆపితే షట్టరు సగం దించి ఉంది. పక్కన టీ బడ్డీ ఆయన, "ఇప్పుడే పోయిండండి పేటకు, బండి మీద" అన్నాడు. అక్కడ హైవే దిగి జగ్గయ్యపేట రోడ్డెక్కాం. ఆ కాస్త దూరం నాకు నందిగామ నుంచి వచ్చిన దూరం కంటే పొడుగనిపించింది.

బజారులో వ్యాను ఆగేలోపే దూకేశాను. కొట్టు ముందు జనం. హమాలీలు, పక్క కొట్ల వాళ్ళు, సరుకు కోసం వచ్చినవాళ్ళు గుండ్రంగా నిలబడ్డారు. వాళ్ళ మధ్య కొత్త కాటా, కాటా మీద కూర్మయ్య, పక్కన మోకాళ్ళ మీద రవి. చేతిలో మందు ఎక్కించిన సిరంజి.

"ఆగవయ్యా! వెయ్యకు!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే అప్పటిదాకా తెలీదు.

"ఇంకా వెయ్యలేదండి" అన్నాడు రవి, చెమట తుడుచుకుంటూ. "వేద్దామంటే కాలు బయటపెట్టట్లేదండి ఇది. ఇందాకటి నుంచి టమాటా చూపిస్తున్నాం."

నిజమే. అంతమంది మొహాలు చూసి కూర్మయ్య తల, కాళ్ళు చిప్పలోకి లాక్కుని బిగుసుకుపోయాడు. ఒక హమాలీ టమాటా ముక్క పట్టుకుని "రా నాయనా, రా బంగారం" అని బతిమాలుతున్నాడు. టమాటా మీద ఆశపడి కాలు చాపి ఉంటే నేను చేరేసరికి పని అయిపోయి ఉండేది. నేను సిరంజి లాక్కుని కాలవలో పిచికారీ చేశాను. ఈ మందు తాబేలుకు ఏం చేస్తుందో చెప్పాను. రవి మొహం పాలిపోయింది. "గొర్రె డోసులో పావంతే తీశానండి, బరువు చూసి లెక్కకట్టా" అని గొణిగాడు. నరసింహం గారు అక్కడే బస్తా మీద కూలబడ్డాడు.

"మరి ఆ పురుగులండీ?" అన్నాడు.

అవి మీ తాబేలువి కావు, మీ పప్పులవి అన్నాను. కొట్టు ముందు సరుకు కోసం వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నరసింహం గారు చటుక్కున లేచి, "కొత్త సరుకులో ఉండవండి, అది పాత తవుడు మూల, రేపే కడిగించేస్తా" అన్నాడు అందరికీ వినిపించేలా. అంత కంగారులోనూ ఆయన వ్యాపారం మర్చిపోలేదు.

ఇక అసలు పరీక్ష. దీనికి నేల మీద దొరికింది పనికిరాదు, తాజాగా మన కళ్ళ ముందు రావాలి. తాబేలు చేత ఆ పని చేయించడానికి ఒక పద్ధతి ఉంది. వెడల్పాటి పాత్రలో గడ్డం దాకా వచ్చేలా గోరువెచ్చని నీళ్ళు పోసి అందులో ఉంచాలి. మే నెలలో జగ్గయ్యపేటలో నీళ్ళు కాచే పని లేదు, డాబా మీది ట్యాంకు పంపు తిప్పితే సలసల కాగే నీళ్ళే. వరలక్ష్మి గారు ప్లాస్టిక్ బేసిను తెచ్చి, అందులో కుండనీళ్ళు కలిపి, మోచేత్తో వేడి చూసి మరీ సిద్ధం చేసింది. కూర్మయ్యను కాటా మీంచి ఎత్తి అందులో దించాం.

మొదట ఏమీ లేదు. చిప్ప, నీళ్ళు, చుట్టూ మేం. ఎవరూ మాట్లాడొద్దని నేను వేలు చూపించాను. హమాలీలు కూడా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మెల్లగా ముక్కు బయటికొచ్చింది, తరవాత కళ్ళు, తరవాత ముడతల మెడ. తల అలాగే నీళ్ళలోకి వంచేశాడు. గొంతు కింద చర్మం కదలడం మొదలుపెట్టింది. తాగుతున్నాడు. తాగుతూనే ఉన్నాడు. తల ఎత్తి ఊపిరి పీల్చుకుని మళ్ళీ వంచాడు. అంతసేపు తాగిన జీవిని నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు నాకు పొద్దున పక్కన పెట్టిన సంగతి గుర్తొచ్చింది. వేళ్ళ మధ్య గరగరలాడిన తెల్లటి ముద్ద! ఒంట్లో నీరు అడుగంటితేనే అది అలా ఇసకవుతుంది.

"వరలక్ష్మి గారూ, దీనికి నీళ్ళు ఎందులో పోస్తున్నారమ్మా?" అని అడిగాను.

ఆమె గోడౌన్లోంచి స్టీలు గిన్నె తెచ్చి చూపించింది. నిలువు గోడలు, జానెడు ఎత్తు. ఇదివరకు కూర్మయ్య పెరట్లో తిరిగేవాడట. అంట్లు తోమే చోట, బట్టలు ఉతికే బండ కింద నిలిచే నీళ్ళలో పడుకునేవాడట. ఈ వేసవిలో పెరడంతా సిమెంటు చేయించారు. పైగా ఆ పనికొచ్చిన కొత్తవాళ్ళెవరైనా చూసి ఫారెస్టు వాళ్ళకు చెబుతారన్న భయం. అందుకని గోడౌన్లోకి మార్చి, శుభ్రంగా గిన్నెలో నీళ్ళు పెట్టారు. తాబేలు తల ఎంత చాచినా ఆ గిన్నె అంచు దాటదు.

"నీళ్ళు రోజూ తగ్గుతుంటేనూ, తాగుతోందనుకున్నానండి" అంది ఆమె, గిన్నె వైపు చూస్తూ. ఎండకు ఆవిరైనవి కొన్ని, ఎలుకలు తాగినవి కొన్ని. ఆమె కళ్ళు తుడుచుకుని ఆ గిన్నెను విసురుగా వీధి మూలకు విసిరేసింది.

ఇంతలో హమాలీల్లోంచి ఒక కేక. "వచ్చిందండోయ్!" బేసినులో నీళ్ళు మసకబారాయి. కొట్టు ముందు ఈలలు, చప్పట్లు. నా సర్వీసులో మంత్రులు వచ్చి రిబ్బన్లు కత్తిరించినప్పుడు కూడా అంత మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టినవాళ్ళను చూడలేదు. నేను చెంచాతో తాజా ముక్క తీసుకుని, కాటా పక్కనే బల్ల మీద మైక్రోస్కోపు పెట్టి, ఉప్పునీళ్ళ పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేశాను. రేకు పెట్టి ఆగవలసిన ఆ కాసేపూ బజారు బజారంతా నాతోపాటు ఆగింది.

నల్లి గుడ్డు ఒక్కటీ లేదు. అక్కడక్కడా చిన్న గుడ్లు మాత్రం కనిపించాయి, ఒక వైపు ఉబ్బెత్తుగా, ఒక వైపు చదునుగా. ఇవి అసలైనవే, ఆక్సియూరిడ్లు అంటాం, సూది పురుగుల జాతి. ఆకులు తినే తాబేళ్ళ పేగుల్లో ఇవి కొద్దిగా ఉండటం మామూలే, హాని లేదు. లేకుండా చెయ్యాలని మందులు పొయ్యడమే తప్పు. ఆ మాట చెప్పి అందరికీ వరసగా చూపించాను. రవి అందరి కంటే ఎక్కువసేపు చూశాడు.

కూర్మయ్యను తుడిచి కాటా మీద పెట్టాం. ఎర్ర అంకెలు ఆడి ఆడి ఆగాయి. తగ్గిన బరువులో చాలా మటుకు ఒక్క పూటలో తిరిగొచ్చింది. తాబేలు తాగిన నీటిని మూత్రపు సంచిలో దాచుకుంటుంది, ఇన్నాళ్ళూ ఖాళీ అయింది ఆ సంచే. నరసింహం గారు అంకెల వంక, తాబేలు వంక మార్చి మార్చి చూసి, "కాటా నిజమే చెప్పిందండి" అన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ నేను సర్కారు ఉద్యోగిని. అటవీ శాఖ రేంజి ఆఫీసరుకు చెప్పక తప్పదని, తామంతట తాముగా అప్పగిస్తే మర్యాదగా ఉంటుందని చెప్పాను. నరసింహం గారి మొహం ఎర్రబడింది. "జబ్బు చూడమంటే జీవాన్నే పట్టుకుపోతారాండీ? మా నాన్న నాటిదండి!" అని గట్టిగానే అన్నాడు. నేనూ తగ్గలేదు. సగం రోజు ఆ జీవి కోసం పరిగెత్తినదాన్ని, అది మీ కాటా రాయి కాదని, దప్పికయ్యే ప్రాణి అని అనేశాను. కాసేపు ఇద్దరం ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాం. వరలక్ష్మి గారే కదిలింది. "గిన్నె ఎత్తుగా ఉందని మనకి తెలీలేదు. ఇంకా ఏమేం తెలీవో. ఇచ్చేద్దామండీ" అంది భర్తతో. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. హలో లేదు, నమస్కారం లేదు. "ఇరవై గ్రాములు పెరిగాడండి" అన్నాడు నరసింహం గారు.

రేంజి ఆఫీసరుకు నేను అప్పటికే చెప్పాను. కాగితాలు, బండి సిద్ధమయ్యే దాకా అక్కడే ఉంచి చూసుకోమన్నారు. తమ రక్షిత ఆవరణలోని మిగతా తాబేళ్ళతో కలపాలంటే పురుగుల పరీక్ష నివేదిక కావాలన్నారు. నరసింహం గారు రోజూ ఫోన్ చేసి తూకం చెప్పేవాడు. పొద్దున పూట వెడల్పు పళ్ళెంలో నీళ్ళు, తోటకూర, నాగజెముడు ముక్కలు, నీడ. ఒకరోజు బరువు కదలకపోతే మళ్ళీ తూచి మళ్ళీ ఫోన్ చేశాడు, పెరిగితే ఫోనులోనే ఎగిరేవాడు. నేనూ అంతే. ఆ ఫోన్ రాకుండా కాఫీ తాగేదాన్ని కాదు. మస్తాన్ రోజూ "ఎంతొచ్చిందండీ ఇవాళ?" అంటూ గుమ్మంలో నిలబడేవాడు.

అటవీ శాఖ బండి వచ్చే రోజు నేనూ వెళ్ళాను, తాజా పరీక్ష చేసి నివేదిక మీద సంతకం పెట్టడానికి. నరసింహం గారు స్నానం చేసి, దీపం పెట్టి, కూర్మయ్యను కాటా మీద పెట్టాడు. అంకెలు ఆగేదాకా ఎవరూ కదల్లేదు. ఆయన వంగి చూసి, నిఠారుగా నిలబడ్డాడు. వాళ్ళ నాన్న నాటి తూకం, గ్రాముతో సహా.

"ఇప్పుడు తీసుకెళ్ళండి" అన్నాడు ఫారెస్టు గార్డుతో. "తూకం తక్కువతో మా కొట్టు నుంచి ఏదీ బయటికి పోలేదండి."

పెట్టెలో గడ్డి పరిచి కూర్మయ్యను ఎక్కించారు. వరలక్ష్మి గారు ఆ పెట్టెలో వెడల్పాటి పళ్ళెం కూడా పెట్టింది. బండి మలుపు తిరిగాక నరసింహం గారు కాటా మీద ఇనప రాయి పెట్టి, అంకె చూసి, బోణీ చేశాడు.

కొన్ని నెలలకు నేను రిటైరయ్యాను. ఇప్పటికీ కుక్కకు బాగోలేదని, చిలక తినడం లేదని, మేక చిక్కిపోతోందని ఫోన్లు వస్తుంటాయి. పేడ పరీక్ష చేయించమని చెబుతాను, ఆ పరీక్ష మీద నా ప్రేమ పిసరంత కూడా తగ్గలేదు. కానీ అంతకు ముందు ఒకటి చేయమంటాను. నీళ్ళు పెట్టే గిన్నె పక్కన నేల మీద కూర్చుని, మీ కళ్ళు దాని కళ్ళంత ఎత్తులో పెట్టి, అక్కడి నుంచి నీళ్ళు కనిపిస్తున్నాయో లేదో చూసి చెప్పమంటాను.